పన్నెండో తారీకు వన్నె

భీమేశ్వరంగారు బొబ్బట్టు మీద నెయ్యి వేసే తీరు చూడడానికే కొందరు పెళ్ళిళ్ళకి వచ్చేవారంటే రామచంద్రపురం చుట్టుపక్కల ఎవరూ కాదనరు. గిన్నె వంచితే నేతిధార బొబ్బట్టు అంచు చుట్టూ తిరిగి నడిమధ్యకి వచ్చి ఆగేది. ఒక్క చుక్క ఆకు మీద పడేది కాదు. అంతటి మనిషి ఆ కార్తికంలో, అనపర్తిలో తేతలి రామిరెడ్డిగారి పెద్దమ్మాయి పెళ్ళిలో, రెండో పంక్తి మధ్యలో గిన్నె పట్టుకుని నిలబడిపోయారు. నెయ్యి ఆకు మీద పడి, ఆకు దాటి, ఒక ముసలావిడ పట్టుచీర కుచ్చెళ్ళ మీద పడింది. ఆవిడ చీర చూసుకోలేదు, ఆయన చెయ్యి చూసింది.

ఆయన కుడిచేతి కడియం పసుపు రంగులోంచి ఇటుక రంగులోకి దిగిపోతోంది. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. ఆ రోజు నవంబరు పన్నెండో తారీకు.

ఆ కడియం సంగతి ముందు చెప్పాలి. వెనకటి రోజుల్లో క్రెడిట్ స్కోరు అని ఒక అంకె ఉండేది. అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కినవాడికి తప్ప మిగతా లోకానికి అది కనపడేది కాదు, మన పరువు మన గుప్పిట్లో ఉండేది. ఇప్పుడలా కాదు. గాజులో సన్నటి నాచు పెంచి కడియాలు చేశారు. బ్యాంకులు పంపే లెక్కలు కాకినాడలో ఉన్న వన్నెశాలకి చేరగానే అక్కణ్ణుంచి సంకేతం వస్తుంది, గాజులో నాచు రంగు మారుతుంది. మంచి స్కోరైతే ఆకుపచ్చ, మధ్యరకమైతే పసుపు, పడిపోతే ఇటుక. బంగారానికి వన్నె చూసినట్టు మనిషికి వన్నె చూడడమన్నమాట. అద్దెకి ఇల్లడిగినా, పెళ్ళికి వంట ఒప్పుకున్నా ముందు చెయ్యి చూపించమంటారు. జాతకం చూపించమనే రోజులే నయం, దోషముంటే శాంతి చేయించుకోవడానికైనా వీలుండేది.

ఈ కడియానికి కన్ను పెట్టిన మనిషి ఆ పంక్తిలోనే, నాలుగాకుల అవతల కూర్చుని ఉంది. పేరు మాణిక్యాంబ, వన్నెశాలలో పెద్ద ఇంజనీరు. ఎవరి కార్డు మీద ఎంత బాకీ ఉందో చదివి, వాళ్ళకిచ్చిన హద్దులో అది ఎన్నో వంతో చూసి వన్నె కట్టే భాగాన్ని వన్నెశాలలో 'కన్ను' అంటారు. అది ఆమె తయారుచేసిందే. అందుకు ఆమెకి బంగారు పతకం కూడా ఇచ్చారు. పులిహోర కనిపెట్టినవాడికి ఎవరేమిచ్చారో పాపం ఎవరికీ తెలీదు. భీమేశ్వరంగారు ఈ మాణిక్యానికి కన్నతండ్రి.

ఆమె గబుక్కున లేచి తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు లోపలికెళ్ళు నాన్నా. ఈ పంక్తికి నేను వేస్తాను."

"ఎంగిలి చేత్తోనా?" అన్నాడాయన, ఆ స్థితిలో కూడా. భుజం మీది కండువా తీసి మణికట్టుకి చుట్టుకుని, ఆ చేత్తోనే పంక్తి చివరిదాకా వడ్డించాడు.

భోజనాలయ్యాక రామిరెడ్డిగారు ఇవ్వవలసింది అణాపైసల్తో ఇచ్చేశారు. ఇచ్చి, కాసేపు నేల చూపులు చూశారు.

"వంట అమృతమండి పంతులుగారూ. దానికి వంక లేదు. మాఘంలో రెండోదాని పెళ్ళి కూడా మీకే అనుకున్నామండి. కానీ వియ్యాలవారు చెయ్యి చూసేరు. ఏమనుకోకండి."

"అనుకోడానికేముందండి," అని భీమేశ్వరంగారు నమస్కారం పెట్టారు.

పోయింది ఆ ఒక్క పెళ్ళే అయితే ఇంత కథ లేదు. రామచంద్రపురంలో కాలవగట్టున ఉన్న పెద్ద షెడ్డులో ఆయన ముప్ఫై ఏళ్ళుగా వంటశాల నడుపుతున్నారు. పంతొమ్మిది మంది ఆ పొయ్యిల మీద బతుకుతున్నారు. ఆ షెడ్డు ఒక వర్తకుల సంఘానిది. డిసెంబరు పదిహేనున అద్దె కాగితం తిరగరాస్తామనీ, ఆ రోజున కడియం ఆకుపచ్చగా ఉన్నవాళ్ళకే రాస్తామనీ సంఘంవాళ్ళు అప్పటికే కబురు పెట్టారు. ఉన్నది నెల రోజులు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో గుండిగలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"నేనెవరికి ఎగ్గొట్టేనమ్మా?"

మాణిక్యం తిరిగి అడిగింది, ఎలా కొంటావు, ఎలా కడతావు అని. ఆయన పద్ధతి ఆమెకి చిన్నప్పట్నుంచీ కొంత తెలుసు, మిగతాది ఇప్పుడు తెలిసింది. పెళ్ళివారిచ్చిన అడ్వాన్సు ఆయన ముట్టడు. చివరి పంక్తి లేచి, పెళ్ళివారు సంతోషమన్నాక గాని అది మనది కాదంటాడు. అందుకని నెయ్యి, జీడిపప్పు, శనగపప్పు, సమస్తం కార్డు మీద కొంటాడు. బిల్లుకి ఆఖరి రోజు ప్రతి నెలా రెండో తారీకు. సరిగ్గా ఆ రోజు పొద్దున్న స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మొత్తం బిల్లు ఒక్క దెబ్బతో కట్టేస్తాడు.

"అంతకు ముందే కట్టొచ్చు కదా, డబ్బు చేతికొచ్చినప్పుడే?"

"మా నాన్న చెప్పేవాడు. మాటిచ్చిన రోజున ఇవ్వాలి. ముందిస్తే భయపడ్డట్టు, వెనకిస్తే ఎగ్గొట్టినట్టు."

"నీ మూడు కార్డులదీ అదే పద్ధతా?"

"మూడెక్కడివి, ఇప్పుడు ఒకటే. ఈ పసుపు రంగు చూసి సిగ్గేసి, దసరాల్లో రెండు కత్తిరించి బ్యాంకుకి పంపేసేను. వాటి మీద పైసా బాకీ లేదనుకో. వాడనప్పుడు అప్పుసంచులు ఇంట్లో ఎందుకూ అని."

మాణిక్యం తల పట్టుకుంది.

"అయ్యో నాన్నా. కన్ను చూసేది ఎంత వాడేవని కాదు, ఉన్నదాంట్లో ఎన్నో వంతు వాడేవని. మూడు కార్డులున్నప్పుడు నీ హద్దు పది లక్షలు. ఇప్పుడు నాలుగు. సరుకు అదే మూడు లక్షల డెబ్భై వేలు. అప్పుడది గిన్నెలో మూడో వంతు పైచిలుకు. ఇప్పుడు గిన్నె అంచుదాకా వచ్చేసింది."

"అంటే పరువు కోసం చేసిన పనే పరువు తీసిందన్నమాట," అన్నాడాయన.

మర్నాటి నుంచి ఆయన కండువా భుజం మీద కాక మణికట్టు మీదే ఉండిపోయింది. వంటశాలలో పులుసు రుచి చూడమంటే "నువ్వే చూడవే సూరమ్మా" అనడం మొదలుపెట్టాడు. సూరమ్మ ముప్ఫై ఏళ్ళుగా ఆ షెడ్డులో కూరలు తరుగుతోంది. ఆయన రుచి చూడని పులుసు ఆమె ఎన్నడూ దింపలేదు. ఈ మాట చెప్పడానికి ఆమె మాణిక్యానికి ఫోను చేసి, చెప్పలేక ఏడ్చింది.

సోమవారం మాణిక్యం తండ్రి వేలిముద్ర వేసిన అనుమతి కాగితం పట్టుకుని రత్నరాజుగారి గదిలోకి వెళ్ళింది. డాక్టర్ జోసెఫ్ రత్నరాజు వన్నెశాలకి పెద్ద. మెత్తటి మనిషే గాని లెక్క దగ్గర మామగారినైనా వదలడు. ఇద్దరూ కలిసి భీమేశ్వరంగారి ఐదేళ్ళ స్కోరు గీత తెర మీద వేసుకుని చూశారు. ఒక్క బిల్లు తప్పలేదు, ఒక్క రోజు ఆలస్యం లేదు. అయినా గీత మాత్రం లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ ఉంది.

"యంత్రం చెడిందేమో సార్," అంది మాణిక్యం.

"చెడలేదు. నువ్వు చెప్పినట్టే చేస్తోంది. హద్దు నిండా వాడేవాళ్ళు తరవాత మునిగిపోతారని నిరూపించింది నువ్వే కదమ్మా."

"చాలామంది మునిగారు. ఈయన మునగలేదు."

"ఆయన వేరని యంత్రానికి ఎవరు చెబుతారు?"

తన గదికి తిరిగొచ్చాక ఆమె ఒక్కతే తెర ముందు కూర్చుంది. తండ్రి అంకె ఎదురుగానే ఉంది. దాన్ని దిద్దే తాళం ఆమె వేళ్ళ కిందే ఉంది. ఏడు మీటలు నొక్కితే చాలు, ఎవరికీ తెలీదు. వేళ్ళు మీటల దాకా వెళ్ళాయి కూడా. పక్కింటి పెరట్లో కరివేపాకు రెబ్బైనా అడక్కుండా తుంచని మనిషికి దొంగ ఆకుపచ్చ తొడగడానికి ఆమెకి చెయ్యి రాలేదు. గీతని కాగితం మీద అచ్చు వేసుకుని, ఆదివారం రామచంద్రపురం బస్సెక్కింది.

వంటశాలలో కందిపప్పు ఉడుకుతోంది. గోడకి పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది, ముహూర్తాలున్న రోజులకి భీమేశ్వరంగారు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉంచారు. మాణిక్యం గీత కాగితం బల్ల మీద పరిచి, బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. సూరమ్మ వంకాయలు తరుగుతూ తొంగి చూసింది.

"ఏటమ్మాయిగోరూ అది, కొండలూ లోయలూనూ?"

"నాన్న కడియం రంగు, సూరమ్మా. పైకి లేస్తే ఆకుపచ్చ, కిందికి దిగితే పసుపు, ఇంకా దిగితే ఇటుక."

"ఆషాఢంలో లేచుంటాదండి. అప్పుడు అయ్యగారి కడియం మామిడాకులా నవనవలాడిపోయేది. పనుల్లేక మేమంతా ఈగలు తోలుకుంటా కూర్చుంటే ఆ చెయ్యి చూసి నవ్వుకునేవోళ్ళం."

మాణిక్యం ఒక్క ఉదుటున లేచి క్యాలెండరు మేకు నుంచి ఊడబెరికింది. అటక మీది పాత క్యాలెండర్లు కూడా దింపించింది. బల్ల మీద గీత, గీత కింద పంచాంగాలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ముహూర్తాలు లేని నెలలన్నిటా గీత కొండెక్కింది. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం, ఎర్ర సున్నాలున్న నెలలన్నిటా లోయలో పడింది. ఐదేళ్ళలో ఒక్క నెల కూడా తప్పలేదు.

"నాన్నా, ఇలా రా. పని లేని నెలలో నువ్వు పెద్దమనిషివి, పని ఉన్న నెలలో దివాలాకోరువి. నా యంత్రం నీ నడత చూడటంలేదు. పంచాంగం చూస్తోంది."

భీమేశ్వరంగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని గీతనీ సున్నాలనీ మార్చి మార్చి చూశారు.

"ఇదంతా ఏ రోజున చూస్తుందే అది?"

"పన్నెండున. నీ కార్డు నెల లెక్క ముగిసేది ఆ రోజే. అప్పటికి ఎంత బాకీ ఉందో ఆ ఒక్క అంకె బ్యాంకు మాకు పంపుతుంది. నువ్వు రెండో తారీకున పైసా మిగల్చకుండా కట్టేవన్న సంగతి కన్నుకి గమనం లేదు. మళ్ళీ పన్నెండొచ్చేసరికి కొత్త సరుకు బాకీ కనిపిస్తోంది."

ఆయన పొయ్యి వైపు చెయ్యి చూపించాడు.

"ఉడుకుతున్న పప్పు మూత తీసి, ఉప్పు లేదని వంటవాణ్ణి తిట్టినట్టుందమ్మా మీ వ్యవహారం. ఉప్పు దింపేముందు వేస్తాను కదా."

పతకం ఇచ్చిన రోజున కూడా ఎవరూ ఆమె పని గురించి ఇంత సూటిగా చెప్పలేదు. మాణిక్యానికి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "అయితే ఒక్క నెల, మూత తీసే వేళకి ఉప్పు వేసి ఉంచు నాన్నా," అంది. "వచ్చే నెల తొమ్మిదిలోపు నాలుగు పెళ్ళిళ్ళున్నాయి. ఆ డబ్బు చేతికి రాగానే పదో తారీకున కార్డు ఖాళీ చేసెయ్యి. గడువు దాకా ఆగకు."

"ముందిస్తే భయపడ్డట్టు."

"నాన్నా."

"మా నాన్న మాట. ఆయన పోయినా మాట పోలేదు."

అప్పుడు సూరమ్మ కత్తిపీట పక్కకి నెట్టి లేచి వచ్చి, తన మణికట్టు బల్ల మీద పెట్టింది. ఆమె కడియమూ ఇటుక రంగే.

"కళ్ళజోడు కొనుక్కున్నానండి కార్డు మీద. నా కార్డు హద్దెంతని, అది కాస్తా ఆ జోడుకే సరిపోయింది. మరుసటి నెల జీతం రాగానే తీర్చేసేను. ఈలోగానే ఇటుకొచ్చేసింది. నెలనెలా బియ్యం దాని మీదే తెచ్చుకుని తీరుస్తున్నా ఆ రంగు పోలేదు. ఇంటివోడు ఖాళీ చెయ్యమన్నాడు. అయ్యగారూ, మీరు భయపడి కట్టకండి. మా కోసం కట్టండి."

భీమేశ్వరంగారు ఆ ముడతల చెయ్యి చూసి, "సరే, పదో తారీకు," అన్నారు.

మాణిక్యం వన్నెశాల పెద్దలందరి ముందూ పందెం కట్టింది. ఒక మనిషి, అదే పని, అదే సరుకు, అదే సంపాదన. కట్టే రోజు ఒక్కటే మారుస్తాం. డిసెంబరు పన్నెండున కడియం ఆకుపచ్చ అయితే, కన్ను చూస్తున్నది మనిషిని కాదని ఒప్పుకుని దాన్ని తిరగ రాయాలి. కాకపోతే తను పతకం వెనక్కిచ్చి ఉద్యోగం మానేస్తుంది. రత్నరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పతకంతో నేనేం చేసుకుంటాను గాని, చూడడానికి నేనూ వస్తాను," అన్నారు.

నాలుగు పెళ్ళిళ్ళూ ఘనంగా జరిగాయి, అవి అంతకుముందు పసుపు రంగు చూసి ఖాయం చేసుకున్నవారివే. రెండో తారీకున పాత బిల్లు ఎప్పట్లాగే తీరింది. పదో తారీకు పొద్దున్న ఆయన దేవుడి ముందు మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. తరవాత ఫోను చేతిలోకి తీసుకుని, తండ్రి ఫొటో వైపు చూసి, "భయపడి కాదు నాన్నా," అని మీట నొక్కాడు. మూడు లక్షల అరవై వేలు ఒక్కసారిగా తీరిపోయాయి.

పన్నెండో తారీకు పదకొండింటికి ముందే షెడ్డు నిండిపోయింది. పంతొమ్మిది మందీ పొయ్యిలు తగ్గించేసి వచ్చి నిలబడ్డారు. రత్నరాజుగారు బియ్యం బస్తా మీద కూర్చున్నారు. ఆయన చేతిలో ఎవరో బొబ్బట్టు పెట్టారు, తినాలో వద్దో తెలియక పట్టుకుని ఉన్నారు. భీమేశ్వరంగారు గుండిగలో పులుసు కలుపుతూనే ఉన్నారు, కండువా మణికట్టు మీదే ఉంది.

"పదకొండైంది నాన్నా."

ఆయన గరిటె ఆపి, ఎడంచేత్తో కండువా విప్పాడు. ఇటుక రంగు అలాగే ఉంది. అప్పుడు గాజు అంచున ఎక్కడో చిన్న మరకలా ఆకుపచ్చ కనిపించింది. అది పాకి, పాకి, కడియమంతా చుట్టేసింది. సూరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గుండిగ అడుగున పులుసు మాడు వాసన వేసింది, ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు. ఎవరూ పట్టించుకోలేదు.

రత్నరాజుగారు లేచి వచ్చి ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని చూశారు.

"నెల కిందట ఈయన ఎంత నిజాయితీపరుడో ఇవాళా అంతే," అన్నారు మెల్లిగా. "కిటుకు తెలిసినవాడు ఆకుపచ్చ, తెలియనివాడు ఇటుక. ఇన్నాళ్ళూ మనం కొలిచింది ఇదన్నమాట. కన్ను మార్చు మాణిక్యం. ఒక్క రోజు ఫొటో కాదు, రెండేళ్ళ నడత చూడాలి. ఎంత తీసుకున్నాడో చూసినట్టే ఎంత తీర్చాడో కూడా చూడాలి." అని అప్పుడు బొబ్బట్టు తిన్నారు.

పదిహేనున అద్దె కాగితం మీద సంతకాలయ్యాయి. పదహారున రామిరెడ్డిగారు స్వయంగా కారు దిగి, తాంబూలంలో అడ్వాన్సు పెట్టుకుని వచ్చారు. మాఘంలో ముహూర్తం ఫిబ్రవరి పన్నెండు. కొత్త కన్ను తెరిచేది కూడా ఆ రోజునే.

ఫిబ్రవరి పదో తారీకున మాణిక్యం ఫోను చేసింది. "కార్డు ఖాళీ చేసేవా నాన్నా? ఈ ఒక్క నెలా చేసెయ్యి, ఎందుకైనా మంచిది."

"చెయ్యను. హద్దు నిండా సరుకు తెచ్చేను. గడువు మార్చి రెండు. ఆ రోజునే కడతాను."

"కొత్త కన్ను ఇంకా ఎవరి మీదా చూడలేదు నాన్నా. అందరి ముందూ మళ్ళీ..."

"నువ్వు చేసిందే కదమ్మా. నాకు నమ్మకముంది. నీకు లేదా?"

ఆ ముహూర్తానికి మాణిక్యం సెలవు పెట్టి అనపర్తి వచ్చి రెండో పంక్తిలో కూర్చుంది. ముద్ద నోటికి పోలేదు. భీమేశ్వరంగారు కండువా భుజం మీద వేసుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నెయ్యి గిన్నె పట్టుకుని పంక్తిలోకి వచ్చారు. గోడ మీద గడియారం పదకొండు కొట్టింది.

ఆయన కడియం ఆకుపచ్చ. కొంచెమైనా కదల్లేదు. ఆయన వెనకాల పులిహోర బుట్ట పట్టుకున్న సూరమ్మ చేతి మీద ఇటుక రంగు కరిగి, పసుపై, ఆకుపచ్చలోకి తిరిగింది. అన్నం తెచ్చేవాడి చెయ్యి, మజ్జిగ పోసేవాడి చెయ్యి, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న వాళ్ళందరి చేతులూ ఒకటొకటిగా తిరిగాయి. మాణిక్యం ఎంగిలి చెయ్యి ఆకు మీదే ఉంచి, ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది. పతకం వచ్చిన రోజున కూడా ఆమెకి ఇంత గర్వం కలగలేదు.

విచిత్రమేమిటంటే పంక్తిలో మిగతావాళ్ళెవరూ ఇదేమీ చూడలేదు. అందరి చూపూ గిన్నె మీదే ఉంది. నేతిధార బొబ్బట్టు అంచు చుట్టూ తిరిగి నడిమధ్యకి వచ్చి ఆగింది. ఆ ఆకు ముందు కూర్చున్నది కార్తికంలో చీర పాడైన ముసలావిడే. ఆవిడ గిన్నె వెనక్కి పోనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"అలా పోతారేంటి పంతులుగారూ. కిందటిసారి నా చీరకేసిన నెయ్యి బాకీ ఉంది, ఈ బొబ్బట్టు మీద వేసి తీర్చేసుకోండి."

"ఇవాళే గడువమ్మా," అని నవ్వి, భీమేశ్వరంగారు గిన్నె మళ్ళీ వంచారు.